23 ఏళ్ళ సేకరణ, విప్పని ఫిగర్లు లోపలే పాడవుతున్నాయి: విప్పాలా, అలాగే ఉంచాలా?

ప్రశ్న రాసినవారు: ఐదు కీళ్ళు

నాకు 44 ఏళ్ళు. సైన్స్ ఫిక్షన్ యాక్షన్ ఫిగర్లను సేకరించడం మొదలుపెట్టి 23 ఏళ్ళయింది. నా దగ్గర 600 పైచిలుకు ఫిగర్లు ఉన్నాయి. వాటిలో 180 దాకా ఇంతవరకు విప్పలేదు. కొన్ననాటి అట్ట కార్డు మీదే, ఫిగరును కప్పి ఉంచే పారదర్శక ప్లాస్టిక్ బబుల్ ఊడకుండా, వెలుతురు సోకని అలమరలో నిలువుగా పేర్చి ఉంచాను. మిగిలినవి గాజు బీరువాల్లో నిలబడి ఉన్నాయి. విప్పినవి నా సరదాకు, విప్పనివి భద్రంగా దాచడానికి అని మొదట్లోనే ఒక గీత గీసుకున్నాను. ఆ గీత సరైన చోటే గీశానా అని ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తిరిగి చూసుకోలేదు.

గత నెల గోడలకు రంగు వేయించడానికి అలమర ఖాళీ చేయవలసి వచ్చింది. ఒక్కొక్క కార్డునూ వెలుతురులోకి తీసుకువచ్చి చూసినప్పుడు నాకు కాళ్ళూచేతులూ ఆడలేదు. ఒక గ్రహాంతరవాసి ఫిగరు మెత్తని అంగీ మీద నూనె రాసినట్టు తడి మెరుపు కనిపించింది. అతని చేతి తుపాకీ బబుల్‌కు అతుక్కుపోయి ఉంది. తెల్ల కవచం తొడుక్కున్న సైనికుడికి ఒక కాలు మాత్రమే పసుపెక్కింది, రెండోది పాలలా తెల్లగానే ఉంది. మీట నొక్కితే కళ్ళు వెలిగే రోబోట్ వీపు దగ్గర, బ్యాటరీ ఉండే చోట, పచ్చటి పొక్కు కట్టింది. ఎండ లేదు, దుమ్ము లేదు, ఎవరూ ముట్టుకోలేదు. అయినా ఇలా జరిగింది.

అడగదలచినది ఇది: మిగిలిన వాటిని విప్పితే ఈ నష్టం ఆగుతుందా? ఆగేట్టయితే 180నీ విప్పడానికి నాకు మనసొప్పుతుందా అన్నది వేరే సంగతి. పెట్టెలు మోయడంలో సాయం చేసిన మా అమ్మాయి, "నాన్నా, నువ్వు దాచింది వీటినా, అట్టముక్కల్నా?" అని అడిగింది. తనకు పన్నెండేళ్ళు. ఆ మాట ఇంకా వదలడం లేదు.

జవాబు: మూత తీయనివాడు

విప్పకండి. విప్పిన దాన్ని తిరిగి విప్పనిదిగా చేసే విద్య ఇంతవరకు ఎవరికీ తెలియదు. మీరు చెప్పిన మూడింటిలో నిజంగా తొందరపడవలసింది బ్యాటరీ ఉన్న రోబోట్ ఒక్కటే. దాన్ని ఈ పూటే విప్పి బ్యాటరీ తీసేయండి, ఎందుకంటే కారిన రసం లోపలి రాగిని తినేసి ఆగదు, పక్కనున్న ప్లాస్టిక్‌నూ అట్టనూ కూడా పాడుచేస్తుంది. మిగిలిన రెండింటికి ఫొటోలు తీసి, తేదీ రాసి, ఆరు నెలల తరువాత మళ్ళీ పోల్చి చూడండి. కంగారులో చేసిన పనికి పశ్చాత్తాపం తప్ప వేరే ఫలితం ఉండదని నా అనుభవం. ఒకప్పుడు ఒక రాత్రి ఉత్సాహంలో ఏడు కార్డులు చించాను. ఆ ఏడింటి ముఖాలూ నాకు ఇప్పుడు గుర్తు లేవు, ఆ చిరిగిన అట్టలు మాత్రం గుర్తున్నాయి.

జవాబు: గాజు బీరువా

ఐదు కీళ్ళు గారూ, విప్పితే ఆగుతుందా అన్న ప్రశ్నకు అవుననో కాదనో ఒక్క మాటలో జవాబు చెప్పలేను, ఎందుకంటే మీరు చూసినవి మూడు వేరువేరు జబ్బులు. నేను ప్లాస్టిక్ అచ్చుల పనిలో ఉన్నవాణ్ణి కనుక కొంచెం విస్తారంగా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

మొదట ఆ తడి మెరుపు సంగతి. ఫిగర్లలో వంగే భాగాలను, అంటే అంగీలు, గొట్టాలు, ఆయుధాలు, కొన్నిటి తలలను, పీవీసీ అనే ప్లాస్టిక్‌తో పోస్తారు. పీవీసీ స్వభావసిద్ధంగా గట్టి పదార్థం. దాన్ని వంగేలా చేయడానికి ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి ద్రవాన్ని కలుపుతారు. పాత వాటిలో అది చాలావరకు థాలేట్ రకానిది. ఈ ద్రవం పీవీసీతో రసాయనికంగా ముడిపడదు, ఇసుకలో ఇంకిన నీటిలా లోపల నిలిచి ఉంటుంది, అంతే. ఏళ్ళు గడిచేకొద్దీ, ముఖ్యంగా వేడి తగిలినప్పుడు, అది నెమ్మదిగా పైకి వస్తుంది. మీరు చూసిన మెరుపు అదే. జిగురూ అదే. బయటికి వచ్చిన ద్రవం తాకిన చోట మరో రకం ప్లాస్టిక్ ఉంటే, ముఖ్యంగా పాలిస్టైరీన్ ఉంటే, దాన్ని మెత్తబరిచి గుంట పెడుతుంది. మెత్తని తుపాకీని గట్టి ప్లాస్టిక్ వాహనం మీద ఏళ్ళ తరబడి వదిలేస్తే దాని ఆకారమే అచ్చు పడడం మనలో చాలామంది చూసినదే.

ఇక్కడే మనవాళ్ళు ఒక పొరపాటు పడుతుంటారు. గాలి తగిలితే ఈ బాధ పోతుందని అందరూ అనుకుంటారు, నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. మ్యూజియంలలో పీవీసీ వస్తువుల మీద జరిగిన పరిశోధన వేరే మాట చెప్పింది: గాలి ఆడే చోటకన్నా మూసి ఉన్న గాజు పాత్రలోనే ప్లాస్టిసైజర్ తక్కువగా పోతుంది. పాలిథీన్ సంచిలో పెడితే ఇంకా వేగంగా పోతుంది, ఎందుకంటే పాలిథీన్ ఆ ద్రవాన్ని పీల్చుకుంటుంది. మనం జాగ్రత్త పేరుతో ఒక్కొక్క ఆయుధాన్నీ చిన్న జిప్ సంచిలో వేసి మూసి ఉంచే అలవాటును తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. కాబట్టి మీ గ్రహాంతరవాసిని విప్పినంత మాత్రాన అతని జబ్బు నయం కాదు. విప్పితే కలిగే లాభం ఒకటే: అంగీనీ తుపాకీనీ వేరుచేసి, ఒకటి మరొకదానిని తాకకుండా ఉంచగలుగుతారు. పైన చేరిన జిగురును గోరువెచ్చని నీటిలో ఒక చుక్క తేలికపాటి సబ్బు వేసి, మెత్తని కుంచెతో కడగండి. స్పిరిట్, ఎసిటోన్, పెట్రోలు వంటివి దగ్గరికి రానీయకండి. అవి పైజిగురుతో పాటు లోపలున్న దాన్నీ రంగునూ కూడా లాగేస్తాయి. బంగారు, వెండి పూత ఉన్న రోబోట్లను రుద్దకండి, ఆ పూత వెంట్రుకవాసి కూడా మందం ఉండదు. 1978 నాటి స్టార్ వార్స్ రోబోట్ ఆర్2-డీ2 లాంటి వాటికి ఒంటి చుట్టూ ఉన్నది స్టికర్ అని మరిచిపోయి నీటిలో ముంచినవాళ్ళను నేను ఎరుగుదును.

రెండోది పసుపు. తెల్లటి గట్టి భాగాలు చాలావరకు ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌వి. అతినీలలోహిత కిరణాలు, వేడి, గాలిలోని ఆక్సిజన్ కలిసి దాన్ని పసుపు రంగుకు మారుస్తాయి. వెలుతురు ఈ పనిని వేగిరపరుస్తుందే గాని, చీకటిలో ఉన్నంత మాత్రాన ఆగదు. ఒక కాలు పసుపెక్కి రెండోది తెల్లగా ఉండడం వింతేమీ కాదు. రెండు కాళ్ళకూ రెండు అచ్చులు, ఒక్కోసారి రెండు విడతల ముడిసరుకు. ఒకదానిలో కలిపినది రెండోదానిలో అదే పాళ్ళలో ఉండకపోవచ్చు. హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి అతినీలలోహిత వెలుతురులో ఉంచితే తెలుపు తిరిగి వస్తుంది, అది నిజమే. కొంతకాలానికి పసుపు మళ్ళీ రావడం కూడా అంతే నిజం. నేను ఒక్కదానికి చేసి మానేశాను. పసుపెక్కిన సైనికుడు యుద్ధం నుంచి వచ్చినట్టు ఉన్నాడని సరిపెట్టుకున్నాను.

మీరు అడగకపోయినా రెండు హెచ్చరికలు. 1980ల చివర, 1990లలో వచ్చిన కొన్ని ట్రాన్స్‌ఫార్మర్స్‌లో, అంటే వాహనాలుగా రూపం మార్చుకునే రోబోట్లలో, లోహపు తళుకు కలిపిన ప్లాస్టిక్ వాడారు; దానికి వచ్చే పెళుసుతనాన్ని సేకర్తలు గోల్డ్ ప్లాస్టిక్ సిండ్రోమ్ అంటారు. అది విప్పినా విరుగుతుంది, విప్పకపోయినా విరుగుతుంది. అటువంటివి మీ దగ్గరుంటే రూపం మార్చే ప్రయత్నం చేయకండి. ఇక 1:6 స్కేల్, అంటే మనిషిలో ఆరో వంతు ఉండే, ఫిగర్లకు తొడిగే తోలు దుస్తులు నిజమైన తోలు కావు, చాలావరకు గుడ్డ మీద పాలియురేథేన్ పూత. గాలిలోని తేమకు ఆ పూత పొలుసులుగా రాలుతుంది. అలమరలో సిలికా జెల్ పెట్టి, తేమను 40 నుంచి 50 శాతం మధ్య నిలిపితే అది రాలే రోజు కొంత ఆలస్యమవుతుంది.

ఏళ్ళుగా కదలని కీళ్ళను విప్పగానే తిప్పకండి. చాలాచోట్ల రంగు కీలుకు అంటుకుని ఉంటుంది. గోరువెచ్చని నీటిలో కాసేపు ఉంచి, మెత్తబడిన తరువాత మెల్లగా కదపండి. ముందుగా బలం ఉపయోగించి, తరువాత జిగురు కోసం వెతకడం మన జాతికి అలవాటే.

జవాబు: మూడు ముప్పావు

రసాయనం గురించి గాజు బీరువా గారు చెప్పిన తరువాత నేను చెప్పవలసిందేమీ లేదు. మీ అమ్మాయి అడిగిన దాని గురించి రాస్తాను, ఎందుకంటే అట్టముక్కకు అంత విలువ ఎలా వచ్చిందో తెలిస్తే గాని విప్పాలో వద్దో తేలదు.

మన అభిరుచి ఒక విధంగా ఖాళీ అట్టతోనే మొదలైంది. 1977లో స్టార్ వార్స్ సినిమా విడుదలైనప్పుడు, దాని బొమ్మలు చేసే కెన్నర్ సంస్థ దగ్గర ఫిగర్లు సిద్ధంగా లేవు. ఆ ఏడాది క్రిస్మస్‌కు వాళ్ళు అమ్మినది ఒక సర్టిఫికెట్, ఒక అట్ట, కొన్ని స్టికర్లు. ఆ కాగితం పంపిన పిల్లలకు 1978లో నాలుగు ఫిగర్లు తపాలాలో వచ్చాయి. అవి 3¾ అంగుళాలవి. 1964లో హాస్‌బ్రో అనే సంస్థ తెచ్చిన సైనికుడి బొమ్మ జి.ఐ. జో దాదాపు 12 అంగుళాలు ఉండేవాడు; అంతటి బొమ్మ కూర్చోగలిగే అంతరిక్ష నౌకను చేయాలంటే అది మంచమంత అవుతుంది. బొమ్మను చిన్నది చేయడం వల్లనే నౌకలు ఇంట్లో పట్టాయి. మెడ, రెండు భుజాలు, రెండు తుంట్లు: మీ పేరులో ఉన్న ఆ ఐదు కీళ్ళతోనే ఒక తరం పిల్లలు విశ్వమంతా తిరిగి వచ్చారు.

ఆ పిల్లలందరూ విప్పారు. మట్టిలో పాతారు, నీళ్ళలో వదిలారు, కుక్కకు ఇచ్చారు. అందువల్లనే 1978 నాటి విప్పని కార్డు అరుదైనది అయింది. ఎవరూ దాచాలనుకోకపోవడమే దాని అరుదుదనానికి కారణం. ఆ సినిమాలోని పొట్టి ఎడారివాసి జావా ఫిగరు మొదట వినైల్ అంగీతో వచ్చి, కొద్దికాలానికే గుడ్డ అంగీకి మారింది; ఆ మొదటి అంగీ కోసం నేడు సేకర్తలు ఎంత వెతుకుతారో, దానికి ఎన్ని నకళ్ళు ఉన్నాయో మీకు తెలుసు. క్షిపణి విసిరే వేటగాడు బోబా ఫెట్ 1979లో ప్రకటనల దాకా వచ్చి, పిల్లల గొంతులో ఇరుక్కుంటుందన్న భయంతో దుకాణాలకు రాకుండానే ఆగిపోయాడు. ఈ కథలన్నీ విని పెరిగినవాళ్ళు 1995లో ఆ వరుస మళ్ళీ మొదలైనప్పుడు ఏం చేశారు? ప్రతివాడూ రెండేసి కొన్నాడు, ఒకటి విప్పడానికి, ఒకటి దాచడానికి. దాచినవాళ్ళు ఎక్కువైనందువల్ల ఆ కాలపు విప్పని కార్డులు ఇప్పటికీ గుట్టలుగా దొరుకుతున్నాయి. మీరు సేకరణ మొదలుపెట్టిన కాలాన్ని బట్టి చూస్తే మీ 180లో అధికభాగం ఈ రెండో రకానివే అయి ఉంటాయని నా అంచనా. కోప్పడకండి, నావీ అవే.

అందువల్ల నా మాట ఇది. మీ జాబితాలో నిజంగా కొద్ది సంఖ్యలో తయారైనవి, మొదటి విడత తేడాలు ఉన్నవి, అట్ట మీది చిత్రం కోసమే మీరు కొన్నవి పక్కకు తీయండి. అట్టను ప్రేమించడంలో తప్పేమీ లేదు. ఆ చిత్రకారుల పని కూడా పనే. మిగిలిన వాటి విషయంలో మీరు కాపలా కాస్తున్నది అరుదుదనానికి కాదు, అరుదవుతుందేమోనన్న ఆశకు.

ఇంకొక్క సంగతి, కొంచెం పక్కదారి. మీరు మీ ప్రశ్నలో ఒక్కచోట కూడా బొమ్మ అనే మాట వాడలేదు, ఫిగర్ అనే రాశారు. 1964లో హాస్‌బ్రో పడిన భయమూ ఇదే. మగపిల్లలకు డాల్ అమ్ముతున్నామంటే ఎవరూ కొనరని యాక్షన్ ఫిగర్ అనే పేరు పెట్టారు. మనకు ఆ ఇబ్బంది ఎందుకో నాకు అర్థం కాదు. తెలుగులో గోడ మీద పటమూ బొమ్మే, పుస్తకంలో గీతా బొమ్మే, వెండితెర మీద ఆడేదీ బొమ్మే. అంత విశాలమైన మాటను వదిలి అరువు మాట వెనుక దాక్కోవలసిన అవసరం 44 ఏళ్ళ వయసులో కనిపించదు. అమెరికాలోని జాతీయ ఆటబొమ్మల హాల్ ఆఫ్ ఫేమ్ 2004లో జి.ఐ. జోను, 2012లో స్టార్ వార్స్ ఫిగర్లను తనలో చేర్చుకుంది. ఆ పేరులో ఉన్నదీ టాయ్ అనే మాటే.

జవాబు: బీరువాకు ఇవతలి మనిషి

నేను సేకర్తను కాను. 15 ఏళ్ళుగా ఒక సేకర్తతో కాపురం చేస్తున్నాను. మావారి పేరుతో ఈ చర్చలు చదువుతుంటాను, రాయడం ఇదే మొదటిసారి.

మీరందరూ ప్లాస్టిక్‌కు ఏమవుతుందో మాట్లాడుతున్నారు. మనుషులకు ఏమవుతుందో కూడా కొంచెం ఆలోచించండి. మావారికి రెండేళ్ళ క్రితం ఒంట్లో బాగోలేక చాలా రోజులు మంచం మీద ఉన్నప్పుడు, ఆ గది తలుపు తీసి నిలబడిన నాకు ఒక్కదాని పేరు కూడా తెలియదని అర్థమైంది. ఏది అపురూపమో, ఏది ఎవరికైనా ఇచ్చేయవచ్చో, ఏ తుపాకీ ఏ చేతిదో నాకు తెలియదు. ఆయన కోలుకున్న తరువాత ఇద్దరం కూర్చుని ఒక పుస్తకం రాశాం. ఒక్కో ఫిగరుకు ఒక ఫొటో, ఎక్కడ కొన్నదీ, ఏమేమి దానితో వచ్చాయీ, ఆయన పోయిన తరువాత అది ఎవరికి చేరాలీ. ఆ పని చేస్తున్నప్పుడు ఒక విషయం గమనించాను: విప్పి బీరువాలో పెట్టిన ప్రతిదాని గురించీ ఆయన దగ్గర ఒక కథ ఉంది. విప్పని వాటి దగ్గరికి వచ్చేసరికి కొన్న తేదీ చెప్పి ఊరుకున్నారు.

విప్పమని నేను చెప్పను. అది మీ ఇల్లు, మీ మనసు. కానీ అమ్మాయి గారు పన్నెండేళ్ళ వయసులో ఆ గదిలోకి వచ్చి ప్రశ్న అడుగుతున్నారంటే, ఆ పుస్తకం రాయడానికి పక్కన కూర్చునే మనిషి మీకు దొరికినట్టే.

జవాబు: మూత తీయనివాడు

మూడు ముప్పావు గారి లెక్క సరైనదేనని ఒప్పుకుంటాను. అయితే నేను విప్పకపోవడానికి కారణం ధర ఎప్పుడూ కాదు. విప్పని కార్డులో ఫిగరు ఒక్కటే ఉండదు. ఆ రోజు దుకాణంలో దాన్ని చేతిలోకి తీసుకున్న క్షణం కూడా ఉంటుంది. బబుల్ పగలగొడితే ముందు పోయేది అది. ఇది తర్కానికి నిలవదని నాకు తెలుసు. వెర్రి వెయ్యి విధాలు అన్నారు, ఇది నా విధం. బ్యాటరీ మాత్రం తీశారా లేదా?

తిరిగి రాసినవారు: ఐదు కీళ్ళు

తీశాను. రోబోట్ కళ్ళు ఇక వెలగవు. లోపలి తీగ పచ్చగా పొడి అయి రాలింది, ప్లాస్టిక్ మాత్రం దక్కింది.

అందరికీ కృతజ్ఞతలు. 180 కార్డులనూ నేల మీద పరిచి, ఒక్కొక్కటీ ఎందుకు కొన్నానో గుర్తు తెచ్చుకునే ప్రయత్నం చేశాను. 31 పక్కకు వచ్చాయి. వాటిలో తొమ్మిది అట్ట మీది చిత్రం కోసమే ఉంచుకున్నాను, ఆ విషయంలో మూత తీయనివాడు గారితో నాకు పేచీ లేదు. ఆ 31 కాక మిగిలిన వాటిని వారానికి నాలుగైదు చొప్పున విప్పుతున్నాం. జిప్ సంచులన్నీ తీసేశాను. గాజు బీరువా గారూ, ఆ సంగతి చదివిన రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదని మీకు తెలియాలి.

గ్రహాంతరవాసి తుపాకీ బబుల్ నుంచి వచ్చింది గాని, దాని ఒక పక్క గుంట మిగిలింది. అంగీ రెండుసార్లు కడిగిన తరువాత జిగురు పోయింది. పసుపు కాలు సైనికుణ్ణి అలాగే ఉంచాము. మా అమ్మాయి ఫొటోలు తీస్తుంది, నేను చెబుతుంటే పుస్తకంలో రాస్తుంది. మొన్న ఆ సైనికుడి పేరు, నేను కొన్న ఏడాది రాసి, తరువాతి గడిలో ఏం రాయాలని అడిగింది. నా దగ్గర కథ లేదు. కాసేపు ఆగి తనే రాసుకుంది: "ఒక కాలు వేరే గ్రహం నుంచి తెప్పించారు."